శ్రుతి నిలవని గొంతుకి జపనీస్ కరావోకే పాట: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

టోక్యోలో గాత్రం నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సరళీ వరసలు మొదలుపెట్టే పిల్లలే ఎక్కువ. శరదృతువు ముగిసేసరికి మాత్రం ఇంకో రకం వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. వాళ్లకి సంగీతం అక్కర్లేదు. డిసెంబర్లో ఆఫీసువాళ్లు బోనెన్‌కై పెడతారు, అంటే సంవత్సరాంతపు విందు. అది ముగిశాక నిజికై అని రెండో విడత ఉంటుంది, అది చాలాసార్లు కరావోకే గదిలోనే జరుగుతుంది. మైకు తిరుగుతూ తిరుగుతూ తమ చేతికొస్తే ఏం చెయ్యాలన్నదే వీళ్ల బెంగ.

ఈ కేసు అలా వచ్చిందే. ఆయన అనుమతితో రాస్తున్నాను, ఎవరో తెలిసిపోయే వివరాలన్నీ తీసేశాను. నలభై దాటిన తెలుగు ఇంజనీరు. జపనీస్ బాగానే మాట్లాడతారు. అక్షరమాలలు హిరగానా, కతకానా గడగడా చదువుతారు, చైనా నుంచి వచ్చిన కాంజీ లిపి దగ్గర కాస్త ఆగుతారు. కరావోకే తెరమీద కాంజీ పైన ఫురిగానా, అంటే దాన్ని ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో, వేసే ఉంటుంది కాబట్టి చదవడం ఆయనకి అడ్డు కాదు.

ఫోన్‌లో ఆయన అడిగిన తీరు నాకు నచ్చింది. "మాస్టారూ, నాకు పాట నేర్పొద్దండీ. నాలుగు నిమిషాలు పరువు పోకుండా గడిచే పాట ఒకటి చెప్పండి, చాలు."

నేర్పించడం, ఎంపిక చెయ్యడం వేరు వేరు పనులు. గొంతు మార్చడానికి నెలలు పడుతుంది. పాట మార్చడానికి అంత సమయం అక్కర్లేదు. ఆయన అడిగింది రెండోది, నేనూ అక్కడికే పరిమితమవుదాం అనుకున్నాను.

వచ్చిన సమస్య

ఆయన మాటల్లో అయితే సమస్య ఒక్కటే: "నేను ఒంచినండీ." శ్రుతి పట్టనివాళ్లని జపాన్‌లో ఆ మాటతోనే అంటారు. చిన్నప్పుడు స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు ఊరికే పెదాలు ఆడించమన్నారట. ఆ తర్వాత పెళ్లిళ్లలో గానీ, పిక్నిక్ బస్సులో గానీ నోరు విప్పలేదు. టోక్యో వచ్చాక ఒకసారి తప్పలేదు. నెమ్మదిగా ఉంటుంది, నీకు సులువు అని సహోద్యోగులు 'నాద సోసో' పెట్టారు. ఒకినావా బృందం బిగిన్ స్వరపరిచిన పాట అది, 2001లో నత్సుకావా రిమి పాడాక ఇంటింటికీ చేరింది. ఆడగొంతు పాట కదా, ఎత్తు తగ్గించాలి అని ఎవరో యంత్రంలో కీని, అంటే పాట మొత్తం శ్రుతిని, ఐదు మెట్లు దించారు. పాట మధ్యలోకి వచ్చేసరికి గదిలో అందరూ మెనూ కార్డు చదవడం మొదలుపెట్టారని ఆయనే నవ్వుతూ చెప్పారు.

ఆ ఒక్క సంఘటనలో నాకు రెండు ఆధారాలు దొరికాయి. ఆడవాళ్లు పాడిన పాటని మగవాళ్లు సాధారణంగా ఒక స్థాయి కిందనే పాడతారు. ఒక స్థాయికి పన్నెండు మెట్లు కాబట్టి అప్పటికే పాట పన్నెండు మెట్లు దిగినట్టు. దానిమీద ఇంకో ఐదు దించితే చరణం గొంతులో వినబడకుండా పోతుంది. పోనీ అసలు స్థాయిలో పాడదామంటే, ఐదు దించినా పల్లవి అందదు. అందుకని మనిషి కింద మొదలుపెట్టి, అందక పైకి దూకి, అదీ అందక మళ్లీ కిందికి వస్తాడు. వినేవాళ్లకి అది శ్రుతి తప్పినట్టే ఉంటుంది. నిజానికి మగవాళ్లు ఆడవాళ్ల పాట పాడేటప్పుడు కీని తగ్గించడం కంటే కొంచెం పెంచడమే చాలాసార్లు సరైన పని. ఇది వింతగా అనిపించడం వల్లే ఎవరూ ఆ బటన్ జోలికి వెళ్లరు.

ఇక రెండోది, నెమ్మది పాట సులువన్న నమ్మకం. నెమ్మది పాటలో సులువయ్యేది చదవడమే, పాడటం కాదు. ఒక్కో స్వరం మీద నిలబడాలి. నిలబడేకొద్దీ గొంతు ఎటు జారుతోందో అందరికీ వినబడుతుంది. శ్రుతి భయం ఉన్నవాళ్లకి ముందుగా తప్పించాల్సింది బల్లాడ్లనే, అంటే ఇలాంటి నెమ్మది పాటల్నే.

ముందు ఏది తప్పుతోందో చూడటం

పాటల పేర్లు మాట్లాడుకునే ముందు ఆయన చెవినీ గొంతునీ విడివిడిగా చూశాను. పియానో యాప్‌లో రెండేసి స్వరాలు వాయించి ఏది పైది అని అడిగాను. పక్కపక్క మెట్లయినా, అంటే అర స్వరం తేడా ఉన్నా ఆయన తడబడకుండా చెప్పారు. చెవి బాగుంది. పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్లు ఉంటారు, కానీ అరుదు. 2017లో పెరెట్జ్, వువాన్ అనే పరిశోధకులు ప్రచురించిన పెద్ద అధ్యయనంలో అలాంటివాళ్లు సుమారు 1.5 శాతమని తేలింది. ఒంచి అని తమకి తామే పేరు పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది అందులోకి రారు.

తర్వాత పియానో స్వరం ఇచ్చి గొంతుతో పట్టుకోమన్నాను. మూడు నాలుగు మెట్లు పక్కకి పోయారు. అదే స్వరాన్ని ఆయన స్థాయిలోనే నా గొంతుతో ఇస్తే చాలా దగ్గరకి వచ్చారు. ఇది నాకు ఆశ్చర్యం కాలేదు. 2012లో హచిన్స్, పెరెట్జ్ చేసిన ప్రయోగాల్లో సంగీతం రానివాళ్లు కూడా ఒక జారుడు మీటతో స్వరాన్ని దాదాపు తప్పులేకుండా కలపగలిగారు. అదే గొంతుతో కలపమంటే తప్పారు. గొంతుతోనైనా, యంత్రం ధ్వనిని పట్టుకోవడం కంటే తమ గొంతులాంటి ధ్వనిని పట్టుకోవడమే వాళ్లకి తేలికైంది. అంటే చెవికీ గొంతుకీ మధ్య లెక్క ఎక్కడో తప్పుతోంది, చెవి మాత్రం సరిగానే ఉంది.

అసలు సంగతి బయటపడింది ఆ తర్వాతే. ఒక పాత తెలుగు సినిమా పాట పల్లవిని ట్రాక్ లేకుండా పాడి ఫోన్‌లో రికార్డు చెయ్యమన్నాను. విన్నాం. పాట పాటలాగే ఉంది! స్వరాల మధ్య దూరాలు మరీ చెడిపోలేదు. అదే పాట ట్రాక్ పెట్టి పాడితే మొదటి అక్షరం నుంచే వేరే శ్రుతిలో ఉన్నారు. ఆ తప్పు శ్రుతిలోనే నిజాయితీగా చివరిదాకా పాడారు, పైకి వెళ్లాల్సిన చోట అందక ఇంకో శ్రుతికి మారారు.

కాబట్టి నేను రాసుకున్నది ఇది: ఈయన పాటంతా తప్పు పాడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, ఎక్కడ ఆగిపోతారో తెలియడం లేదు.

గొంతు కొలత కూడా తీశాం. ఒకటి నుంచి పదిదాకా మామూలుగా లెక్కపెట్టమంటే మాట 120 హెర్ట్జ్ చుట్టూ ఉంది. పాటలో హాయిగా తిరగగలిగేది 110 హెర్ట్జ్ నుంచి దాదాపు 294 హెర్ట్జ్ వరకు, అంటే పదిహేడు మెట్లు. పైన రెండు మెట్లు గదిలో హడావిడికి వదిలేద్దాం అనుకుంటే పదిహేనే మిగిలాయి. మన లెక్కలో ఒక స్థాయి, దానిమీద రెండు స్వరాలకి అటూ ఇటూ. ఇప్పటి జె-పాప్‌లో, అంటే జపాన్ పాప్ పాటల్లో, మగ గాయకులు 440 హెర్ట్జ్ దాటడం మామూలే. 2019లో వచ్చిన అఫీషియల్ హిగే దండిజం బృందం వాళ్ల 'ప్రిటెండర్' లాంటి పాట కుర్రాళ్లు సరదాగా అడుగుతారు గానీ ఈయనకి అది అసలు ఆలోచించాల్సిన పాట కాదు.

ప్రయత్నించినవి, పనిచెయ్యనివి

సులువు పాటల జాబితాల్లో ఎప్పుడూ కనిపించే పేరు స్పిట్జ్ బృందం వాళ్ల 'చెర్రీ', 1996 నాటిది. అందరికీ తెలుసు, తాళం స్థిరంగా ఉంటుంది. కాబట్టి అక్కడ మొదలుపెట్టడం న్యాయమే. కీ దించుకుంటూ వచ్చాం. పల్లవి అందేసరికి చరణం నేలకి తగిలింది. చరణం లేపితే పల్లవి పైకప్పుకి తగిలింది. పాట విస్తీర్ణం మనిషి విస్తీర్ణం కంటే ఎక్కువైతే ఏ కీ పెట్టినా ప్రయోజనం లేదు. కీ బటన్ పాటని జరుపుతుంది, కుదించదు. చాలామంది ఇక్కడే తమ గొంతుని తిట్టుకుంటారు.

తర్వాత గైడ్ మెలొడీ. కరావోకే యంత్రంలో పాట వరసని పలచటి ధ్వనితో వెనక వినిపించే సౌకర్యం ఉంది, దాని శబ్దం పెంచుకోవచ్చు. ఆయన దాన్ని గట్టిగా పెట్టుకుని సాధన చేశారు. మెరుగు కనబడలేదు. పియానో పరీక్షలో జరిగినదే ఇక్కడా జరిగింది: యంత్ర ధ్వని ఆయన గొంతుకి దారి చూపలేదు. పైగా శబ్దం పెరిగేకొద్దీ తన గొంతు తనకి వినబడక గట్టిగా పాడారు, గట్టిగా పాడేకొద్దీ స్వరం పైకి పోయింది. దాన్ని తగ్గించేశాం.

మార్కుల తెర గురించి కూడా చెప్పాలి. డామ్ అనే బ్రాండు కరావోకే యంత్రాల్లో 'సెయిమిత్సు సైతెన్' అనే మార్కుల పద్ధతి ఉంది. తెరమీద స్వరాలు గీతల్లా వస్తుంటాయి, మనం పాడింది వాటిమీద పడుతుంది. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడినా యంత్రం సరైనదిగానే లెక్కేస్తుంది, అది మంచిదే. కానీ గీతల్ని చూస్తూ ఉంటే ఆయన చూపు సాహిత్యం మీద నిలవలేదు. గీత తప్పిందని సరిదిద్దుకునేలోపు రెండు మాటలు దాటిపోయేవి. దాన్ని ఒంటరిగా సాధన చేసేటప్పుడు, అదీ మొదటి పంక్తికి మాత్రమే వాడాలని తేల్చుకున్నాం.

నా ఆశ ఎక్కువగా ఉన్నది నాలుగో ప్రయత్నం మీద. జపాన్ పాటల్లో 'యొనా నుకి' అనే స్వర వరస ఉంది. నాలుగో స్వరం, ఏడో స్వరం ఉండవు. మిగిలేవి స రి గ ప ద, అంటే మన మోహన రాగం. పక్కపక్క మెట్లు ఉండవు కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా చెవికి గుచ్చుకోదు. ఆయన మోహనంలో సినిమా పాటలు వింటూ పెరిగినవారే. అందుకని 1961లో సకమోతో క్యూ పాడిన 'ఉఎ ఒ ముయితె అరుకో' తీశాను. 1963లో అమెరికాలో 'సుకియాకీ' పేరుతో మొదటి స్థానానికి చేరిన పాట అది. ఎక్కువ భాగం ఆ అయిదు స్వరాల్లోనే నడుస్తుంది. ఇంట్లో చక్కగా పాడారు కూడా. మధ్య భాగంలో వరస దారి మళ్లుతుంది, ఎత్తు పెరుగుతుంది. ట్రాక్‌తో పాడిన ప్రతిసారీ అక్కడే పడిపోయారు. పైగా ఆ పాట అందరికీ మరీ బాగా తెలుసు. తెలిసిన పాటలో జారితే వెంటనే పట్టేస్తారు. నిరాశ పడకుండా దాన్ని పక్కన పెట్టాం. నెల రోజుల వ్యవధి ఉంటే నేను అదే పట్టుకునేవాణ్ని.

మధ్యలో తేలిన ఇంకో సంగతి

సాధన రికార్డింగులు వింటుంటే కొన్ని చోట్ల స్వరం సరైనదే, సమయం తప్పు అని గమనించాను. జపనీస్ పాటలో 'న్' అనే ధ్వనికి విడిగా ఒక మాత్ర ఇస్తారు, చాలాసార్లు దానికి సొంత స్వరం కూడా ఉంటుంది. దీర్ఘానికి రెండు మాత్రలు. మనం బళ్లో గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి అని లెక్కేసినట్టే. కానీ మన పాటలో సున్నా ముందు అక్షరంలో కలిసిపోతుంది. ఆయన అలాగే కలిపేసి తర్వాతి స్వరానికి ముందే చేరేవారు. వినేవాళ్లకీ, యంత్రానికీ అది తప్పు స్వరమే.

పాటని పాడకుండా, చప్పట్లు కొడుతూ మాత్రకి ఒక అక్షరం చొప్పున చదవమన్నాను. చిన్నప్పుడు భజనల్లో తాళం వేసిన మనిషి, లయ గట్టిగా ఉంది. రెండు సిట్టింగుల్లో ఈ తప్పు దాదాపు పోయింది. లయ ఆయన బలం అని అప్పుడే తెలిసింది, తర్వాతి ఎంపికకి అది పనికొచ్చింది.

పనిచేసింది

కీ పెట్టే పద్ధతి మార్చాం. అందరూ పాటలోని ఎత్తైన స్వరం చూసి కీ పెడతారు. మేం మొదటి స్వరం చూసి పెట్టాం. పాట మొదటి అక్షరం ఆయన మాట్లాడే గొంతుకి ఒకటి రెండు మెట్లు పైన పడేలా ముందు కీ తేల్చుకుని, తర్వాత పైభాగం అందుతుందా అని చూశాం. అందకపోతే కీ ముట్టుకోకుండా పాటనే వదిలేశాం. కారణం సూటిగా ఉంది: ఈయన ఒకసారి సరైన చోట మొదలుపెడితే దూరాలు తనంతట తనే సరిపెట్టుకుంటారు. మాట్లాడే గొంతు దగ్గర మొదటి స్వరం ఉంటే భయంలో కూడా దొరుకుతుంది.

ఈ జల్లెడలో నిలిచింది 'సెకాయ్ ని హితోత్సు దకె నో హన'. మకిహారా నొరియుకి రాసి స్వరపరిచింది, స్మాప్ బృందం 2003లో సింగిల్‌గా విడుదల చేసింది. బృందమంతా కలిసి పాడిన పాట కాబట్టి ఎవరి గొంతుకీ ప్రత్యేకమైన విన్యాసాలు లేవు. చిన్న చిన్న అడుగులతో నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, జపాన్‌లో ఈ పాట వస్తే పల్లవికి గదిలోవాళ్లు నోరు కలపకుండా ఉండలేరు. మూడు మెట్లు దించితే ఆయన హద్దుల్లో ఇమిడింది.

మొదటి స్వరం పట్టుకోవడానికి ఒక చిన్న పద్ధతి అలవాటు చేశాను. ముందు వాద్య భాగం వస్తుండగానే మైకు దించి, పెదాలు మూసి 'మ్' అంటూ కింది నుంచి మెల్లగా పైకి జరగాలి. ట్రాక్‌లో కలిసిపోయినట్టు అనిపించిన చోట ఆగాలి, అక్కడి నుంచే పాడాలి. తంబురాతో కలుపుకునేవాళ్లు చేసేది ఇదే. పాట తాలూకు మొదటి పంక్తిని ఆయన కీలో, ఆయన స్థాయిలో నేను పాడి రికార్డు చేసి ఇచ్చాను. రైల్లో వినేవారు. గైడ్ మెలొడీ చెయ్యలేనిది మనిషి గొంతు చేసింది.

పగటిపూట హితొకరా, అంటే ఒక్కరే గది తీసుకుని పాడుకోవడం, చాలా చవక. అక్కడ యంత్రంమీద కొన్ని అమరికలు కూడా ఖాయం చేసుకున్నారు: సంగీతం కొంచెం తగ్గించి మైకు కొంచెం పెంచడం, ఎకో బాగా తగ్గించడం. ఎకో గొంతుని అందంగా చూపిస్తుందని అందరూ పెంచుతారు. తన స్వరం తనకి తెలియాల్సిన మనిషికి అది పొగమంచే.

రెండో పాట ఎందుకంటే, ఒకటి బాగా పాడితే ఇంకోటి అడుగుతారు. దీనికి లయ బలాన్ని వాడుకున్నాం. యొషి ఇకుజో 1984లో పాడిన 'ఒరా తోక్యో సా ఇగు దా' దాదాపు మాటల్లోనే సాగుతుంది. ఈ ఊళ్లో అది లేదు, ఇది లేదు, నేను టోక్యో పోతాను అని ఉత్తరాది యాసలో ఒక పల్లెటూరివాడు వాపోయే పాట. స్వరం తప్పడానికి పెద్దగా చోటే లేదు, తాళం తప్పితేనే దొరికిపోతారు.

ఆయన ఒప్పుకోలేదు మొదట. "నవ్వులాట పాట పాడితే నన్ను చూసే నవ్వుతారు కదండీ?" ఇది తోసిపుచ్చే అభ్యంతరం కాదు. పరాయి దేశంలో పరాయి యాసతో హాస్య పాట పాడటం ఒక్కోసారి మనిషిని ఎప్పటికీ జోకర్‌ని చేసేస్తుంది. అందుకే దాన్ని మొదటి పాటగా పెట్టలేదు. ముందు మామూలు పాట మర్యాదగా పాడాక ఇది పాడితే, పాడలేక కాదు కావాలనే పాడుతున్నాడని గదికి తెలుస్తుంది. ఆ వరస చెప్పాక ఒప్పుకున్నారు. ఊళ్లో ఏవేవి లేవో చెప్పే జాబితా ఆయనకి తెగ నచ్చింది, మా ఊరికి రాసినట్టే ఉంది మాస్టారూ అన్నారు. మాటలు వేగంగా వస్తాయి కాబట్టి యంత్రంలో వేగం తగ్గించి మొదలుపెట్టి, క్రమంగా అసలు వేగానికి తెచ్చాం.

ఫలితం

బోనెన్‌కైలో మొదటి పాట పాడారు. గదిలో ఉన్నది ఆయన సాధన చేసిన కంపెనీ యంత్రం కాదు, బటన్లు వేరే చోట ఉన్నాయి. పక్కనున్న అబ్బాయిని 'కీ మైనస్ 3' అని అడిగి పెట్టించుకున్నారు. జపాన్‌లో అది సిగ్గుపడే విషయం కాదు, బాగా పాడేవాళ్లూ అడుగుతారు. మొదలు సరిగ్గా దొరికింది. రెండో చరణంలో కొంచెం కిందికి జారారట, కానీ అప్పటికి పల్లవి పట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు ఉండటంతో మళ్లీ పైకి చేరారు. రెండో పాట ఆ రాత్రి పాడలేదు. జనవరిలో కొత్త సంవత్సరపు విందులో పాడారు, మేనేజరు టాంబొరీన్ అందుకున్నారట.

ఆయన శ్రుతి బాగుపడిందా అంటే, కొలిచి చూస్తే పెద్ద తేడా లేదు. పియానో స్వరం ఇస్తే ఇప్పటికీ పక్కకి పోతారు.

ఈ కేసు నుంచి నేను వాడుకుంటున్నవి

ఇప్పుడు ఎవరొచ్చినా పాట పేరు అడగను. ట్రాక్ లేకుండా నాలుగు పంక్తులు పాడించి వింటాను. ట్రాక్ లేనప్పుడు పాట నిలబడితే అది మొదలు, హద్దు సమస్య. అంటే కీతోనూ పాట ఎంపికతోనూ తీరేది. ట్రాక్ లేకపోయినా వరస చెదిరిపోతుంటే, రెండు స్వరాల్లో ఏది పైదో కూడా చెప్పలేకపోతుంటే కీ లెక్కలన్నీ వృథా. వాళ్లకి నేరుగా మాటల పాట ఇస్తాను, లేదా ది బ్లూ హార్ట్స్ బృందం వాళ్ల 'లిండా లిండా' లాంటిది. 1987 నాటి ఆ పాట పల్లవి వస్తే అందరూ అరుస్తారు, అరుపుకి శ్రుతి ఎవరూ చూడరు. మొదట్లో కాస్త నెమ్మదిగా పాడాల్సిన ముక్క ఉంటుంది, దాన్ని ఇంకెవరికైనా అప్పగించమంటాను.

ఆఖరి పల్లవిలో శ్రుతి పైకి మారే పాటలు జె-పాప్‌లో చాలా ఉన్నాయి. పాట ఎంచేముందు చివరి నిమిషం తప్పకుండా వినమంటాను. మొదటి పల్లవి హాయిగా పాడినవాళ్లు కూడా అక్కడ కూలిపోతారు. తప్పనిసరై అలాంటి పాటే పాడాల్సి వస్తే రెండో పల్లవి అయ్యాక ఆపేసే బటన్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. గదిలో పదిమంది వంతు కోసం ఎదురుచూస్తున్నప్పుడు పాట మధ్యలో ఆపినవాడిని ఎవరూ తప్పుపట్టరు.